ప్రజల భూములు, ఉద్యానములు, అడవులు: వానిపై శాసనసభల కావలి



మన యూరి పొలిమేరలోపల నున్న భూమినంతయు ఒక్కమాఱు మనస్సున దలచుకొనుడు. అందు పట్టాభూమి యెంత యున్నదో మనకు వ్రేళ్లమీద లెక్క తెలియును. ఎవరి గట్టు ఎక్కడ ముగియునో పసివాడు సైతము చెప్పగలడు. అయితే బంచరాయి యెంత? గైరాను ఎంత? చెఱువు శిఖము ఎంత? ఊరి వెనుకనున్న గుట్ట అడవిశాఖదా, రెవిన్యూశాఖదా? ఈ ప్రశ్నలకు వెంటనే ప్రత్యుత్తర మీయగలవారు అరుదు. ఒక్కని సొమ్మునకు వాడే కాపరి. అందఱి సొమ్మునకు కాపరి యెవరు? ఉమ్మడిగొడ్డు పుచ్చి చచ్చినదని మనవారు ఊరక అనలేదు.

ఇట్టి ఉమ్మడి యాస్తికి కావలి కాయుటకై మన రాజ్యాంగమున శాసనసభ యను నొక వ్యవస్థ కలదు. అది యెట్లు కావలి కాయును, దానికి గల ఆయుధములేవి, ఆ యాయుధములు ఎక్కడ మొక్కపోవును అను విషయములను ఈ దినమున విన్నవింపదలచితిని.

దేవాలయపు మాన్యములతో పోల్చిచూచినచో సంగతి సుబోధమగును. మాన్యము దేవునిది. ధర్మకర్త దానికి యజమానుడు కాడు, సంరక్షకుడు మాత్రమే. కౌలు ఎంత వచ్చినది, దీపధూపములకెంత వ్యయమైనది, ఏ మడి యెవరికిచ్చినారు అని యడుగు పెద్దలు గ్రామమున నున్నంతకాలము ధర్మకర్త ధర్మము తప్పడు. అడుగువారు లేనినాడు మాన్యము మాయమగును. ప్రజల భూములవిషయమున ప్రభుత్వము ధర్మకర్త. మంత్రులు, కలెక్టర్లు, అటవీ అధికారులు ఆ ధర్మకర్తృత్వమును నడపువారు. శాసనసభ్యులు లెక్క యడుగు పెద్దలు.

పూర్వకాలమున రాజులకు అడవులపై శ్రద్ధ లేకపోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున అటవీద్రవ్యములను చూచుకొను కుప్యాధ్యక్షుడు వేఱుగ, గజవనములను కాచువాడు వేఱుగ చెప్పబడియున్నారు. కాని ఆ యధ్యక్షులు రాజునకే జవాబుదారులు. ప్రజలు ప్రశ్నించు సభ యొకటి ఆనాడు లేదు. ఈ లోపమువలన కలుగు అనర్థము మన జిల్లాలవారికి పుస్తకములు చదివి తెలిసికొనవలసినది కాదు. నైజాము ప్రభుత్వమువారు అడవులకు హద్దులు పాతి, పోడు చేసికొను గోండులను, కొలాములను వెడలగొట్టినపుడు వారి మొఱ వినుటకు అధికారముగల సభ యేదియు లేకపోయెను. జలము, అడవి, భూమి మావి యని కొమరం భీము తిరుగబడి, 1940వ సంవత్సరమున జోడేఘాటునొద్ద తుపాకిగుండ్లకు బలియయ్యెను. ఆ పిమ్మటనే ప్రభుత్వము హైమండార్ఫు పండితుని ఆ గూడెములకు పంపి స్థితిగతులను విచారింపజేసెను. తుపాకి పేలిన తరువాత విచారణ జరుగుట కంటె ముందే ప్రశ్న అడుగు సభ యుండుట మేలు గదా! హైదరాబాదు రాష్ట్రమున వయోజనులందఱి యోటుతో శాసనసభ యేర్పడినది 1952వ సంవత్సరమున మాత్రమే.

ఇక అధికారముల పంపకమును చూతము. భూమి రాష్ట్రప్రభుత్వపు అధికారములోనిది. అడవులును మొదట రాష్ట్రపు జాబితాలోనే యుండెను. 1976లో 42వ రాజ్యాంగసవరణముచేత అడవులు, వన్యప్రాణులు ఉమ్మడిజాబితాలో చేర్చబడినవి. అనగా ఢిల్లీలోని పార్లమెంటునకును, హైదరాబాదులోని శాసనసభకును రెండింటికిని వానిపై శాసనములు చేయు హక్కు కలదు. ఇరువురి శాసనములకు పొత్తు కుదురనిచోట సామాన్యముగా పార్లమెంటు శాసనమే నిలుచును. తెలంగాణ శాసనసభలో 119 స్థానములును, శాసనమండలిలో 40 స్థానములును కలవు. మన మంచిర్యాల జిల్లానుండి మంచిర్యాల, చెన్నూరు, బెల్లంపల్లి నియోజకవర్గముల ప్రతినిధులు మువ్వురు శాసనసభకు పోవుదురు. లోకసభకు మనము పెద్దపల్లి స్థానములోనివారము.

శాసనసభ చేతనున్న మొదటి యాయుధము శాసననిర్మాణము. అడవి యని మనము వాడుకగా ననునదంతయు రక్షితారణ్యము కాదు. 1967వ సంవత్సరపు అటవీచట్టము ప్రకారము, ప్రభుత్వము ఒక ప్రదేశమును రిజర్వు అడవి చేయదలచినచో మొదట 4వ సెక్షను క్రింద గెజిటులో ప్రకటన చేయవలెను. పిమ్మట ఒక అధికారి గ్రామములవారి హక్కులను, ఆక్షేపణలను విచారింపవలెను. అదియంతయు ముగిసిన తరువాతనే 15వ సెక్షను క్రింద తుదిప్రకటన వెలువడును. ఈ రెండు ప్రకటనల నడుమ అనేక సంవత్సరములు గడచిన తావులు పెక్కు కలవు. అట్టిచోటనే అటవీశాఖ మాదని, రెవిన్యూశాఖ మాదని, రైతు నాదని త్రిముఖముగా తగవు పుట్టును.

పార్లమెంటువారు 1980లో అటవీసంరక్షణ చట్టమును చేసిరి. అప్పటినుండి రాష్ట్రప్రభుత్వము కేంద్రప్రభుత్వపు పూర్వానుమతి లేక అడవిభూమిని ఇతరకార్యములకు ఈయరాదు. మన శ్రీరాంపూరు ప్రాంతమున ఈ చట్టపు పని కన్నులార చూడవచ్చును. భూగర్భమున బొగ్గు, పైన అడవి. ఓపెన్ కాస్టు గని త్రవ్వవలెనన్న పైయడవి పోక తప్పదు. అట్టియెడ కంపెనీవారు అనుమతి కోరవలెను. పోయిన అడవికి మాఱుగా వేఱొకచోట చెట్లు పెంచుటకు భూమిని, ధనమును సమకూర్పవలెను. అడవివలన కలుగు ప్రయోజనముల విలువను లెక్కగట్టి వేఱుగా చెల్లింపవలెను.

ఈ చట్టమునే 2023లో సవరించిరి. సవరణ బిల్లును మార్చినెలలో ప్రవేశపెట్టి, ఉభయసభల సభ్యులు 31 మందితో కూడిన సంయుక్తసంఘమునకు పంపిరి. ఆ సంఘము మార్పులేమియు చేయకయే బిల్లును అంగీకరించినది. కొందఱు సభ్యులు తమ భిన్నాభిప్రాయములను వ్రాసియిచ్చిరి. జూలై, ఆగస్టు నెలలలో ఉభయసభలును ఆమోదించినవి. కావున సంఘములు ఉన్నంతమాత్రమున కావలి గట్టిదని తలపరాదు. అందు కూర్చున్నవారి పట్టుదల ముఖ్యము. అయినను వ్రాసియిచ్చిన భిన్నాభిప్రాయములు వ్యర్థములు కావు. అవి సభాపత్రములలో నిలిచి, తరువాతివారికి సాక్ష్యమగును.

రెండవ యాయుధము ప్రశ్న. సభ సమావేశమైనపుడు సభ్యుడు మంత్రిని ప్రశ్న యడుగవచ్చును. నక్షత్రపు గుర్తుగల ప్రశ్నకు మంత్రి నిలుచుండి నోటితో సమాధానము చెప్పవలెను. దానిపై అనుబంధప్రశ్నలు వేయవచ్చును. గుర్తులేని ప్రశ్నకు వ్రాతమూలముగా సమాధానము వచ్చును. ఇందలి మర్మమేమనగా, ప్రశ్న యెంత నిర్దిష్టముగా నుండునో సమాధానము అంత నిర్దిష్టముగా నుండును. “అడవులు నశించుచున్నవి, ప్రభుత్వమేమి చేయుచున్నది?” అని యడిగిన, “తగిన చర్యలు గైకొనుచున్నాము” అను సమాధానము వచ్చును. అట్లుగాక, “ఫలానా మండలమున ఫలానా సంవత్సరమునుండి గనులకు ఎన్ని హెక్టార్ల అడవి ఇచ్చినారు? దానికి బదులు ఏ గ్రామమున, ఏ సర్వే నంబరులో ఎన్ని మొక్కలు నాటినారు? వానిలో నేడు బ్రతికియున్నవెన్ని?” అని యడిగినచో తప్పించుకొనుటకు వీలుండదు.

మంత్రి సభలో “విచారించెదము”, “చర్య గైకొనెదము” అని యన్నచో ఆ మాట గాలికి పోవునది కాదు. ప్రభుత్వ హామీల సంఘమని యొకటి కలదు. సభలో ఇచ్చిన మాటలు నెఱవేఱినవా లేదా యని చూచుటయే దాని పని. పౌరులు వ్రాసుకొను అర్జీలను విచారించుటకు అర్జీల సంఘము వేఱుగ కలదు.

మూడవ యాయుధము ధనము. సభ యంగీకారము లేక ఖజానానుండి పైసయైన కదలరాదు. అటవీశాఖకు కోరిన పద్దుపై చర్చ జరుగునపుడు సభ్యులు కోతతీర్మానములు పెట్టి శాఖ నడవడిని విమర్శింపవచ్చును. ఖర్చయిన పిదప కాగ్ అనబడు మహాలేఖా పరీక్షకుడు లెక్కలను శోధించి, నివేదికను సభముందుంచును. దానిని ప్రభుత్వలెక్కల సంఘము పరిశీలించి, కార్యదర్శులను పిలిచి ప్రశ్నించును.

ఇందులకొక నిదర్శనము చెప్పెదను. గనులకు, ఆనకట్టలకు పోయిన అడవికి బదులుగా జరుగవలసిన వనీకరణమును కాగ్ దేశమంతట శోధించి, 2013లో పార్లమెంటునకు నివేదించెను. 2006 మొదలు 2012 వఱకు బదులుగా రావలసిన అటవీతరభూమి లక్షా మూడువేల హెక్టార్లకు పైగా. వచ్చినది ఇంచుమించు 28,000 హెక్టార్లు. అందు చెట్లు పెంచినది కేవలము 7,000 హెక్టార్లకు కొంచెము మిక్కిలి. అనగా నూఱు పాళ్లలో ఏడుపాళ్లు! కాగితముమీద అడవికి అడవి వచ్చినది, నేలమీద రాలేదు. పార్లమెంటు 2016లో ఈ ధనమునకై ప్రత్యేకచట్టము చేసి, రాష్ట్రములకు 90 పాళ్లు, కేంద్రనిధికి 10 పాళ్లు చెందునట్లు ఏర్పఱచినది. ఆ చట్టప్రకారము రాష్ట్రపు వార్షికనివేదికయు లెక్కల తనిఖీయు శాసనసభముందు ఉంచబడవలెను. ఆ పత్రములను మన సభ్యులు చదువుచున్నారా యని యడుగుట మన హక్కు.

సింగరేణి సంగతి వేఱుగ చెప్పవలెను. 1920లో ఈ పేరిట రూపొందిన ఆ కంపెనీలో రాష్ట్రప్రభుత్వమునకు నూటికి 51 పాళ్లు, కేంద్రమునకు 49 పాళ్లు కలవు. కావున దాని వార్షికనివేదిక కాగ్ వ్యాఖ్యలతోగూడ ఇటు శాసనసభకును అటు పార్లమెంటునకును పోవలెను. ప్రభుత్వసంస్థల సంఘము దానిని విచారింపవచ్చును. గని మూసిన తరువాత గోతిని పూడ్చినారా, మట్టిదిబ్బలపై మొక్కలు నిలిచినవా యను ప్రశ్నలను రెండుసభలలోను వేయించు భాగ్యము మన బొగ్గుగనుల ప్రజలకు కలదు.

నాలుగవ యాయుధము తీర్మానము. తీర్మానము శాసనము కాదు. సభ తన యభిప్రాయమును బాహాటముగా చాటుట. దీని బలమును, బలహీనతను తెలుపు నిదర్శనములు రెండు కలవు. నల్లమల అడవిలో, అమ్రాబాదు పులుల అభయారణ్యప్రాంతమున యురేనియము వెదకుదురను వార్త పుట్టినపుడు ప్రజలు మిక్కిలి కలతనొందిరి. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ అందులకు ప్రతికూలముగా ఏకగ్రీవతీర్మానము చేసినది. ప్రజల మాట సభ మాటయైనది.

రెండవది కొల్లేటి కథ. కొల్లేరు సరస్సును అయిదవ కాంటూరువఱకు 1999లో పక్షుల అభయారణ్యముగా ప్రకటించిరి. దానిని మూడవ కాంటూరునకు కుదింపవలెనని 2008లో ఆంధ్రప్రదేశ శాసనసభ తీర్మానించినది. అయినను ఆ తీర్మానముచేతనే సరిహద్దు మాఱలేదు. ఏలనన, పూర్వము అభయారణ్యపు ఎల్లలను మార్చుటకు రాష్ట్రశాసనసభ తీర్మానము కావలసియుండెను. వన్యప్రాణిచట్టమును సవరించిన పిమ్మట, 2003 నుండి ఆ స్థానమున జాతీయ వన్యప్రాణిమండలి సిఫారసు కావలెనని మార్చిరి. సభలు ఎల్లప్పుడు రక్షించునవియే కావు, విడిచిపెట్టుమని కోరుటయు కలదని ఈ కథవలన తెలియును. అమెరికా దేశమున 1872లో ఎల్లోస్టోన్ అను మహోద్యానమును చట్టముచేసి కాపాడినది కాంగ్రెసు సభయే; 1913లో యోసెమిటీ ఉద్యానములోని హెచ్ హెచీ లోయలో ఆనకట్టకు అనుమతినిచ్చినదియు ఆ సభయే. కావలివాని చేతిలోనే తాళపుచెవియు నుండును.

వన్యప్రాణిచట్టము ప్రకారము ముఖ్యమంత్రి అధ్యక్షుడుగానుండు రాష్ట్ర వన్యప్రాణిమండలిలో శాసనసభ్యులు మువ్వురుందురు. ప్రధానమంత్రి అధ్యక్షుడుగానుండు జాతీయమండలిలో పార్లమెంటు సభ్యులు మువ్వురుందురు. జాతీయోద్యానముల, అభయారణ్యముల మంచిచెడ్డలు అచట చర్చకు వచ్చును. అయితే సభకు రాకయే కేవలము ప్రభుత్వపు టుత్తరువుతో జరిగిపోవు కార్యములును కలవు. అట్టిదే మన పొరుగున ఇటీవల జరిగినది.

మన జిల్లాలలోని కవ్వాల అడవి 2012లో పులుల అభయారణ్యమైనది. మహారాష్ట్రములోని తాడోబానుండి పులులు కాగజ్‌నగరు అడవులగుండ ఇటువైపు వచ్చుచుండును. ఆ దారిని కాపాడదలచి, ప్రభుత్వము 2025 మే 30వ తేదీన 49వ సంఖ్యగల ఉత్తరువుద్వారా కుమ్రం భీం సంరక్షణారణ్యమును ప్రకటించెను. తమ పొలములు, గూడెములు ఏమగునోయని ఆదివాసులు ఆందోళన చేసిరి. జూలై 21వ తేదీన ఆ యుత్తరువును ప్రభుత్వము నిలుపుదల చేసెను. పులి నడచు త్రోవ కావలెను, నిజమే. ఆ త్రోవలో తరతరములుగా దున్నుకొనువాని యునికియు నిలువవలెను. ఇట్టి ప్రదేశములను ప్రకటించుటకు ముందు స్థానికులతో సంప్రదింపవలెనని చట్టమే చెప్పుచున్నది. సంప్రదింపు ముందు జరిగినచో వివాదము సభలోనే తీఱును. వెనుక జరిగినచో వీధికెక్కును. కొమరం భీముని పేరు పెట్టిన కార్యమునందే ఆయన నేర్పిన పాఠమును మఱువరాదు.

2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము ఈ సంగతిలో గ్రామసభకు గొప్ప పీఠము వేసినది. 2005 డిసెంబరు 13వ తేదీకి పూర్వమునుండి అడవిభూమిని సాగుచేయుచున్న గిరిజనులకు హక్కుపత్రములీయవలెను. విచారణ గ్రామసభలో మొదలు కావలెను. 2023 జూన్ 30వ తేదీన ఆసిఫాబాదులో ఆరంభించి మన రాష్ట్రమున సుమారు లక్షన్నర కుటుంబములకు నాలుగు లక్షల యెకరములకు పోడుపట్టాల పంపిణీ సాగించిరి. బడి, దవాఖాన, త్రాగునీటి గొట్టములు, దారి మొదలగు పదమూడు విధములైన సౌకర్యములకు ఒక్కొక్కదానికి హెక్టారుకు మించని అడవిభూమిని గ్రామసభ సిఫారసుపై ఈయవచ్చును. అనగా అడవిపై లెక్క యడుగు సభలలో మొదటిది హైదరాబాదులో లేదు. మన చావడిలోనే యున్నది.

సభలు నిద్రించునపుడు న్యాయస్థానములు మేల్కొల్పుట కలదు. ప్రభుత్వపత్రములలో అడవియని వ్రాసియున్నను లేకున్నను, అడవియను మాటకు నిఘంటువు చెప్పు అర్థము వర్తించుచోటనెల్ల 1980 నాటి చట్టము వర్తించునని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12వ తేదీన ఆజ్ఞాపించెను. చెఱువులు, బంచరాయిలు మొదలగు గ్రామపు ఉమ్మడిభూములలోని ఆక్రమణములను తొలగింపవలెనని 2011 జనవరిలో తీర్పునిచ్చెను. హైదరాబాదు చెంత కంచ గచ్చిబౌలిలో 400 ఎకరముల భూమిపై చెట్లు నఱకుటను 2025 ఏప్రిల్ 3వ తేదీన నిలిపివేసెను. న్యాయస్థానము వైద్యునివంటిది, వ్యాధి ముదిరినపిమ్మట పోవు చోటు. నిత్యము పథ్యము చూచుకొనవలసినది సభలు, ప్రజలు.

ఇక గ్రామపెద్దలు చేయదగిన కార్యములు. మొదటిది, ఊరి ఉమ్మడిభూముల పట్టికను వ్రాయించుడు. బంచరాయి, గైరాను, శిఖము, శ్మశానము, బడియావరణ, అడవి హద్దు: ఒక్కొక్కదానికి సర్వే నంబరు, విస్తీర్ణము పహాణీనుండి, గ్రామపటమునుండి ఎత్తి వ్రాసి పంచాయతీలో నుంచుడు. రెండవది, అడవికి సంబంధించిన గెజిటు ప్రకటన 4వ సెక్షనుదా, 15వ సెక్షనుదా యని విచారించి నకలు తెప్పించుడు. సమాచారహక్కు చట్టము 2005నుండి మీ చేత నున్నది. మూడవది, 2018వ సంవత్సరపు పంచాయతీరాజ్ చట్టముననుసరించి పంచాయతీ బడ్జెటులో నూటికి పదిపాళ్లు పచ్చదనమునకు కేటాయింపవలెను. ఆ సొమ్ము మొక్కలకు నీరయినదో, కాగితమున అంకెయైనదో గ్రామసభలో అడుగుడు. నాలుగవది, సభ కూడుటకు పూర్వమే శాసనసభ్యునకు ఒక్క పుటలో అర్జీ వ్రాయుడు. అందు ఉపన్యాసము వలదు; సర్వే నంబరు, తేదీ, అడుగదగిన ప్రశ్న చాలును. సమావేశము ముగిసిన తరువాత ప్రశ్న వేసెనా, సమాధానమేమి వచ్చెనని మఱల అడుగుడు.

కట్టకడపట ఒక కఠినమైన మాట. శాసనసభ్యునికడకు మనవారు కొనిపోవు అర్జీలెట్టివి? అడవిని కాపాడుమను అర్జీ యొకటియైన, ఆక్రమించిన శిఖపుభూమిని తమపేర పట్టాచేయింపుమను అర్జీలు పది యుండును. పగలు బంచరాయిని గూర్చి వగచి, రాత్రి గట్టును జరుపువానికి సభను నిందించు నర్హత లేదు. అట్టి అర్జీలు పట్టుకొని మనమే వెంటబడినచో శాసనసభ్యుడు కంచె చేను మేసినట్లు చేయుటలో వింత యేమున్నది? పేదవాని యనుభవమునకు, పలుకుబడిగలవాని యాక్రమణకు గల భేదమును గ్రామమునందు మీకంటె బాగుగ నెఱిగినవా రెవరును లేరు. మొదటివానికి హక్కుపత్ర మిప్పించుడు; రెండవవాని సంగతి గ్రామసభ పుస్తకమున వ్రాయించుడు. ఆ పుస్తకమున వ్రాసినది మండలమునకు, జిల్లాకు, సభకు పోవుటకు దారియున్నది. వ్రాయనిదానికి ఏ దారియు లేదు.